నీకు ఎవరూ మందు పెట్టలేదు అత్తా

సామ్రాజ్యం అత్తా,

ఎలా ఉన్నావని అడగకూడదు, కానీ నోరు ఊరుకోదు... ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లిపోయి ఇరవై రెండేళ్లయింది. నేను సుజాతను, మీ అన్నయ్య కూతుర్ని. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇప్పుడు మంగళగిరిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. పిల్లలు నన్ను చూస్తే హడలిపోతారు. నీ పోలికే వచ్చిందని అమ్మ అంటుంది.

ఇన్నేళ్లలో నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు. మీ అమ్మాయి పద్మ మన ఇంట్లో ఉంది అత్తా. సత్తెనపల్లి దగ్గర మన ఊళ్లో, మన ఇంట్లో, నువ్వు ఆఖరుసారి పడుకున్న పడమటి గదిలో. పొట్ట మీద చిన్న చిన్న కుట్లున్నాయి. గురువారం గుంటూరు ఆసుపత్రి నుంచి ఒక కబురు రావాలి. దానికోసమే ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం.

కంగారు పడకు... మొదటినుంచి చెబుతాను. మధ్యలోంచి మొదలుపెడితే నీకు చిర్రెత్తుకొచ్చేది కదా. "ఏమే, తలా తోకా లేకుండా ఏంటా చెప్పడం" అని నెత్తిన మొట్టేదానివి.

నీ జబ్బే నాకొచ్చింది అత్తా.

పోయినేడాది పరీక్షల ముందు మొదలైంది. పొట్ట ఉబ్బరం. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. ఊరికే బాత్‌రూమ్‌కి పరిగెత్తేదాన్ని. గ్యాసనుకున్నాను. ఇంత కారం తినే మనకు పొట్టలో ఏమొచ్చినా గ్యాసే కదా... మందుల షాపువాడు కూడా అదే అన్నాడు. మాత్రలు మింగుతూ పిల్లలకు త్రికోణాలు చెప్పాను.

ఒకరోజు చీర కుచ్చిళ్లు దోపుకుంటుంటే లంగా బొందు అందలేదు. అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. అక్కడ నేను లేను, నువ్వున్నావు.

మిరప కళ్లంలో నువ్వు తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు నీ పొట్ట ఇలాగే ఉండేది. తోటి ఆడవాళ్లు ఈ వయసులో మళ్లీ నెల తప్పావా అని ఏడిపించేవాళ్లు. నువ్వు చేతిలో కాయ కిందపెట్టకుండానే "తప్పితే మీకేంటే నొప్పి, ఉయ్యాల మీచేత కొనిపిస్తానా?" అనేదానివి. కళ్లమంతా నవ్వేది. నేనూ నవ్వాను. లోపల ఏం పెరుగుతోందో అక్కడ ఎవరికి తెలుసు?

నాకు స్కాన్ తీశారు. అండాశయాల్లో గడ్డలు, పొట్టలో నీరు. గుంటూరులో ఆపరేషన్ చేశారు, తర్వాత కీమో. జుట్టంతా రాలిపోయింది. ఇప్పుడు మళ్లీ వస్తోంది, నీ జుట్టులా రింగులు తిరిగి. ప్రస్తుతానికి బాగానే ఉన్నాను. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, జబ్బు జాడ చెప్పే ఆ అంకె వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడను. నా కొడుకు ఆ రోజుల్ని అమ్మ పరీక్షల రోజులు అంటాడు.

అసలు సంగతి ఆసుపత్రిలో మొదలైంది.

డాక్టరమ్మ అడిగింది, మీ కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటి క్యాన్సర్ వచ్చిందా అని. నేను నోరు తెరిచేలోపు నాన్న చెప్పేశాడు. "లేదండీ. మా ఇంట్లో ఎవరికీ లేదు."

నాన్న అబద్ధం చెప్పలేదు అత్తా. ఆయన లెక్కలో నువ్వు మన ఇంట్లో లేవు. నీ ఇంటిపేరు మారిపోయింది కదా... పెళ్లితో మనిషి అటు వెళ్లిపోయినప్పుడు రక్తం కూడా అటే వెళ్లిపోయిందని మనవాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని ఎవరికీ అనుమానమైనా రాలేదు.

నేను చెప్పాను, మా మేనత్త పొట్టలో నీరొచ్చి పోయిందండీ అని. నాన్న నా వైపు ఉరిమి చూశాడు. "అది జబ్బు కాదమ్మా, దానికి అత్తగారు మందు పెట్టింది" అన్నాడు.

డాక్టరమ్మ పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. మందు పెట్టడమేంటని అడిగింది. నేనే విడమరిచి చెప్పాల్సి వచ్చింది... గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో ఉండిపోయి గడ్డ కట్టి మనిషిని తినేస్తుందని మా ఊళ్లలో నమ్ముతారని, దాన్ని కక్కించే మనుషులు కూడా ఉంటారని. చెబుతుంటే సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు. నీ వయసెంతో అడిగింది, అంతే.

నిన్ను ఆ కక్కించేవాడి దగ్గరకు తీసుకెళ్లిన రోజు నేనూ వచ్చాను, గుర్తుందా? వాడు నీ పొట్టను పిసికాడు. నీ నోట్లో ఏదో పసరు పోశాడు. నువ్వు కక్కిందాంట్లోంచి నల్లటి ముద్ద ఒకటి తీసి ఆకులో పెట్టి చూపించాడు. వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. అది వాడి చేతిలో ముందే ఉందని నాకు ఇప్పటికీ అనుమానం. నువ్వు గోడకు ఆనుకుని, పెదాలు తుడుచుకుని, "ఆకలేస్తోంది, ఎవరన్నా ఇంత మజ్జిగన్నం పెట్టండి, అందులో ఏమీ కలపకుండా" అన్నావు. నువ్వు నమ్మలేదు కదా అత్తా? నమ్మినదానివి అలా వేళాకోళం చేస్తావా?

నాన్న మాత్రం నమ్మాడు. ఆ ముద్దను పేపర్లో చుట్టుకుని మీ ఊరెళ్లి, పెద్దమనుషుల ముందు విప్పి పెట్టాడు. మీ అత్తగారిని నిలబెట్టి అడిగాడు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని కోటప్పకొండ మీద ఒట్టేసి వచ్చాడు.

ఆ తర్వాతది నీకు తెలుసు. పెద్దాసుపత్రివాళ్లు ఇక లాభం లేదన్నారు. నిన్ను మన ఇంటికి తెచ్చారు. పడమటి గదిలో పడుకోబెట్టారు. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింట్లో పోకూడదు, ఇంటికి అరిష్టమని ఊళ్లో నలుగురూ చెవిలో పోరారు. ఆసుపత్రికని చెప్పి జీపెక్కించారు. జీపు మీ అత్తగారి ఊరికి వెళ్లే చిలకలూరిపేట రోడ్డు పట్టగానే నీకు అర్థమైపోయి ఉంటుంది. ఎక్కేముందు, ఆ గది గుమ్మం పట్టుకుని ఒక్క మాట అడిగావు. "ఇక్కడే ఉండనియ్యవా అన్నయ్యా?"

నాన్న నేలచూపులు చూశాడు. నీ పక్కన పద్మ వదిన ఎక్కింది. ఆమె మా అందరి మొహాల్లోకీ ఒక్కొక్కటిగా చూసింది. నువ్వు అక్కడే పోయావు. నీ పెద్దకర్మకు మీ అత్తవారు నాన్నని గడప తొక్కనివ్వలేదు. అప్పటినుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు.

ఇప్పుడు రక్త పరీక్ష సంగతి.

మన ఒంట్లో కణాలు రోజూ కాస్తో కూస్తో చెడుతుంటాయట. వాటిని బాగుచేయడానికి లోపల జన్యువులుంటాయి. అందులో ఒకదాని పేరు బీఆర్‌సీఏ వన్. ప్రతి మనిషికీ అవి రెండు ఉంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. పొలంలో బోరు మీద రెండు మోటార్లున్నాయనుకో. నాకు పుట్టుకతోనే ఒకటి కాలిపోయినది వచ్చింది. రెండోది ఒంటరిగా ఇన్నేళ్లు నడిచింది. ఎప్పుడో, ఎక్కడో ఒక్క కణంలో అదీ ఆగిపోయింది. ఇక అక్కడ బాగుచేసే దిక్కు లేదు. చెడిన కణం చెడినట్టే పెరుగుతూ పోయింది.

కాలిపోయిన మోటారు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదట. రెండోది చివరిదాకా నడిచేవాళ్లూ ఉంటారు. కానీ పిల్లలకు అది దిగే అవకాశం సగానికి సగం. ఆడపిల్లకైనా, మగపిల్లాడికైనా.

ఈ మాట వినగానే నాన్న అమ్మ వైపు తిరిగాడు. ఆడవాళ్ల జబ్బు ఆడవాళ్ల వైపు నుంచే కదా వచ్చేది అని. "ముందు దానికి చెయ్యండి పరీక్ష" అన్నాడు. అమ్మ మారు మాట్లాడకుండా చెయ్యి చాపింది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మకు లేదని వచ్చింది. ఆ రోజు అమ్మ అన్నం వడ్డిస్తూ "ఇక మా పుట్టింటివాళ్లని వదిలెయ్యండి" అంది. నలభై ఏళ్ల కాపురంలో అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను చూడలేదు.

తర్వాత నాన్న ఇచ్చాడు రక్తం. ఆయనకు ఉంది.

తాతయ్యకో నాన్నమ్మకో ఉండి ఉంటుంది. అది నాన్నకు దిగింది, నీకు దిగింది. నీకు రక్త పరీక్ష ఎవరు చేశారులే... కానీ నీ వయసూ, నీ పొట్టలో నీరూ, నా రిపోర్టూ పక్కపక్కన పెట్టి, అదే అయి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. మీ అత్తగారు ఏమీ కలపలేదు అత్తా. నిన్ను తినేసింది మన ఇంట్లోంచే వచ్చింది.

నాన్న ఆ సాయంత్రం కళ్లంలోకి వెళ్లి, ఆరబోసిన కాయల మధ్య కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే రాలేదు.

డాక్టరమ్మ నన్ను పిలిచి ఒక్కటే అడిగింది, మీ మేనత్తకు పిల్లలున్నారా అని.  నలభై దాటిన కూతురుంది. ఆమెకొక కూతురుంది. వాళ్లతో మాకు మాటల్లేవని చెప్పాలా? ఆవిడ నా ముఖంలోకి చూసి, ఆలస్యం చేయొద్దంది.

పద్మ వదిన ఇప్పుడు చిలకలూరిపేటలో, హైవే పక్కన జిన్నింగ్ మిల్లు గేటు ఎదురుగా ఇడ్లీ బండి నడుపుతోంది. పత్తి లారీలవాళ్లు, మిల్లు కూలీలు పొద్దున్నే మూగుతారు. నేను వెళ్లేసరికి పునుగులు వేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. మూకుడు మీంచి చూపు తిప్పలేదు. నేను బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. దుమ్ములో, లారీ హారన్ల మధ్య, జన్యువంటే ఏంటో అరిచి చెప్పాల్సి వచ్చింది.

అంతా విని, జల్లిగరిటె దులిపింది. "ఇప్పుడు గుర్తొచ్చామా సుజాతా? మా నాయనమ్మ చచ్చేదాకా ఎవరికీ అన్నం పెట్టలేదు, తెలుసా? పెడితే ఎవడు తింటాడు? మా పిల్ల అన్నప్రాసనకి కూడా దూరంగా అరుగు మీద కూర్చుంది. మీ నాన్న తెచ్చిన ముద్ద వల్ల. ఇప్పుడేమో కాదు, అది మీ ఇంటి రక్తమేనని చెబుతున్నావు."

 తల దించుకుంటే సరిపోతుందా?

అప్పుడే చూశాను. ఉప్పు డబ్బా పక్కన గ్యాస్ మాత్రల అట్ట ఉంది. సగం ఖాళీ.  ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావు వదినా అని అడిగితే, నీకెందుకంది. చెంగుతో పొట్ట మీద చెమట తుడుచుకుంది. నా కళ్లు ఆ పొట్ట మీంచి కదల్లేదు.

వచ్చేస్తుంటే వెనక నుంచి అంది. "మీ నాన్నను రమ్మను. ఇక్కడ, ఇంతమంది ముందు, నా చేత్తో పెట్టింది తినమను. అప్పుడిస్తాను రక్తం."

నాన్న రానన్నాడు. కొండ మీద ఒట్టు అన్నాడు. పంతం కాదు, పాపం అన్నాడు. నేను అరిచాను, నిన్ను జీపెక్కించిన సంగతీ ఎత్తాను. రోజులు గడుస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదు. క్లాసులో బోర్డు మీద లెక్క రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని, ఆ మాత్రల అట్ట గుర్తొచ్చి. మన మొండితనానికి అక్కడ ఇంకో మనిషి పొట్టలో ఏమన్నా పెరుగుతోందేమో కదా... ఆఖరికి అమ్మే అంది, స్వామికి నేను మొక్కుకుంటాలెండి, మీరు వెళ్లి తినిరండి అని.

నాన్న తెల్ల పంచె కట్టుకుని బయల్దేరాడు, పెళ్లికి వెళ్తున్నట్టు.  బండి దగ్గర ఆ పూట జనం ఎక్కువే ఉన్నారు. పద్మ వదిన చూసింది. ప్లేటు కడిగి, నాలుగు ఇడ్లీలు పెట్టి, మీద కారప్పొడి చల్లి, నెయ్యి వేసి చాపింది.  నాన్న రెండు చేతులా అందుకున్నాడు. పక్కనున్న పెద్దాయన ఒకాయన, మీ ఊరివాడే అయి ఉంటాడు, తినడం మానేసి చూస్తున్నాడు.

నాన్న తినలేదు వెంటనే. ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపల చచ్చిపోతున్నాను. ఈ మనిషి ప్లేటు కింద పెట్టేస్తే... పద్మ వదిన మళ్లీ నా మొహం చూస్తుందా?

అప్పుడు నాన్న, నీకు తెలుసుగా ఆయన గొంతు, పొలంలో అటు గట్టు మీదున్నవాణ్ణి పిలిచినట్టు అన్నాడు. "మీ నాయనమ్మ ఏ మందూ పెట్టలేదమ్మా. ఆవిడ చేతిలో ఏ పాపం లేదు. అది మా ఇంటిది. నా ఒంట్లో కూడా ఉంది." మిల్లు గేటు దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. అని, కూర్చుని, తిన్నాడు. మొత్తం తిన్నాడు. ఆ మీదట "ఇంకో రెండు పెట్టు పద్మా, కారప్పొడి కాస్త దండిగా వెయ్యి" అన్నాడు.

పద్మ వదిన పెట్టింది. పెట్టి, పొయ్యి వెనక్కి వెళ్లి అటు తిరిగి నిలబడింది. 

మర్నాడు గుంటూరు వెళ్లి రక్తం ఇచ్చింది. ఫలితం వచ్చేదాకా వారాల తరబడి కాచుకోవాలి. స్కాన్‌లో పెద్దగా ఏమీ కనపడలేదు, కానీ ఒక పక్క కాస్త అనుమానంగా ఉందన్నారు. తర్వాత తెలిసింది. ఆమెకూ దిగింది అత్తా. నీ నుంచి పద్మకు.

చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. మా పిల్లకో అని అడిగింది. నీ మనవరాలికి పంతొమ్మిదేళ్లు. ఇంకాస్త పెద్దయ్యాక, తనకు తాను అనుకున్నప్పుడు చేయించుకోవచ్చని చెప్పారు. నా కొడుక్కీ అంతే, మగపిల్లాడు కదా అని వదిలెయ్యడానికి లేదు. సగానికి సగం... లెక్కల టీచరుకి ఆ సగం ఎంత బరువో కొత్తగా తెలిసింది.

పద్మ వదినకు అండాశయాలు, ట్యూబులు ముందుజాగ్రత్తగా తీసేయడం మంచిదన్నారు. తీసేశారు. తీసినవాటిని పల్చగా ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. జబ్బు మొలకెత్తి ఉంటే అక్కడ బయటపడుతుంది. అదే గురువారం రావాల్సిన కబురు.

ఆపరేషనయ్యాక ఆడదాన్ని పుట్టింటికి తీసుకెళ్తారు కదా. పద్మ వదినకు పుట్టింట్లో ఎవరున్నారు? నువ్వు లేవు, మామయ్య పోయాడు, తోబుట్టువులు లేరు. ఆసుపత్రి మెట్ల దగ్గర నాన్నే కారు తలుపు తీసి, మన ఇంటికి పోదాం పద అన్నాడు. ఆమె ఎక్కింది. పడమటి గదికి నాన్నే సున్నం వేయించాడు. నువ్వు పట్టుకున్న ఆ గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగి, చేత్తో తడిమి లోపలికి వచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ చారన్నం కలిపి పెడుతుంటే, పద్మ వదిన నాన్నని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. "మావయ్యా, గురువారం మంచి కబురు రాకపోతే నన్నెప్పుడు పంపిస్తావు?"

అమ్మ చెయ్యి ఆగిపోయింది.  నాన్న లేచి వసారాలోకి వెళ్లాడు. మళ్లీ మొహం చాటేశాడనుకున్నాను. పంటి కింద తిట్టుకున్నాను కూడా.

తన మంచం ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ గది గుమ్మానికి అడ్డంగా వేశాడు. దాని మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు, తల ద్వారబంధం ఒక పక్కకి, కాళ్లు ఇంకో పక్కకి ఆనించి. ఎవరినైనా ఆ గదిలోంచి తీసుకెళ్లాలంటే ముందు ఆయన్ని తీసెయ్యాలి.

సాయంత్రమైంది, ఇంకా అక్కడే ఉన్నాడు. కాఫీ ఇవ్వడానికి కూడా మేము ఆయన కాళ్ల దగ్గర మంచం దాటి వెళ్తున్నాం. పద్మ వదిన అటు తిరిగి నిద్రపోతోంది. నిజంగా నిద్రపోతోందో, లేదో...

ఆ రోజు ఈ పని చేసి ఉంటే బాగుండేది కదా అత్తా. నువ్వు ఇంకా బతికేదానివని కాదు. ఇక్కడే ఉండేదానివని.

నీకు ఒక్క మాట ఇస్తున్నాను. గురువారం ఏ కబురొచ్చినా ముందు పద్మ వదినకే చెబుతాం, ఉన్నదున్నట్టు. ఆసుపత్రికని చెప్పి ఇంకెక్కడికీ తీసుకెళ్లం.

నీ మేనకోడలు,
సుజీ